నిద్ర లేచేసరికి పక్షవాతం: గంటలు ఎప్పటి నుంచి లెక్కిస్తారు?

ప్రశ్న:
మా నాన్నగారికి 64 ఏళ్లు. గత నెల ఒక రోజు తెల్లవారి ఐదున్నరకు లేచి కాఫీ గ్లాసు అందుకోబోతే అది కుడిచేతిలో నిలవక జారిపోయింది. మూతి ఎడమవైపుకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. ఏడింటికల్లా ఆసుపత్రికి చేర్చాం. సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని చెబుతూనే, మెదడు నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం దాటిపోయిందన్నారు. నాలుగున్నర గంటల వరకు ఇవ్వవచ్చని విన్నాను. మేము వెళ్లింది గంటన్నరలోనే కదా? బీపీ కూడా మందులతో అదుపులోనే ఉంది. మరి ఇది ఎందుకు వచ్చినట్టు?

జవాబు 1:
నేను న్యూరాలజీ వైద్యుడిని. లక్షణాలు మీ కంటపడిన క్షణం నుంచి కాక, రోగి బాగున్నట్టు ఎవరైనా చివరిసారి చూసిన సమయం నుంచి గంటలు లెక్కిస్తాం. రాత్రి పదింటికి పడుకున్నారని చెబితే అప్పటికే తొమ్మిది గంటలైనట్టు. రక్తం అందక చచ్చుబడిన మెదడు భాగంలోని నాళాలు పెళుసుబారి ఉంటాయి కాబట్టి, ఆలస్యంగా గడ్డను కరిగిస్తే అక్కడే రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. అయితే నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కు దారులన్నీ మూసుకుపోలేదు. ఎంఆర్ఐలో దెబ్బను త్వరగా చూపే డిఫ్యూజన్ రకం చిత్రంలో అది కనిపించి, కొన్ని గంటలు గడిచాక చూపే ఫ్లెయిర్ రకం చిత్రంలో ఇంకా కనిపించకపోతే అది కొత్తదని భావించి ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. 2018లో వెలువడిన అధ్యయనం దీన్ని సమర్థించింది. పెద్ద నాళమే మూసుకుపోతే, ఎంపిక చేసిన రోగులలో 24 గంటల వరకు గొట్టం ద్వారా గడ్డను లాగివేయవచ్చు, కానీ ఆ సదుపాయం అన్ని ఊళ్లలో లేదు. ఇంతకీ, రాత్రి మధ్యలో ఆయనను ఎవరైనా చూశారా?

జవాబు 2:
కారణం గురించి నా అనుభవం చెబుతాను. మా అమ్మగారికి మొదటి ఈసీజీ నిక్షేపంగా ఉంది. మూడో రోజు మానిటర్ మీద గాని గుండె లయ తప్పుతున్న సంగతి, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, బయటపడలేదు. అది వచ్చిపోతూ ఉంటుంది. గుండెలో పుట్టిన గడ్డ మెదడుకు చేరిందని తేలితే ఆస్పిరిన్ చాలదు, రక్తం గడ్డకట్టకుండా చేసే వేరే మందు కావాలి. హోల్టర్ (గుండె లయను రోజంతా నమోదు చేసే పరీక్ష), ఎకో (గుండె స్కాన్), మెడ నాళాల డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) చేశారో లేదో అడగండి. ఈలోగా పసరు మందులంటూ తిరగకండి. ఫిజియోథెరపీకి అక్కరకొచ్చే తొలి నెలలు అలాగే కరిగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
డాక్టరు గారూ, అమ్మను ఇప్పుడే అడిగాను. మూడున్నరకు నాన్నగారు లేచి, మామూలుగానే నడిచి వెళ్లి, కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగారట. ఆ రోజు ఆసుపత్రిలో ఆ సంగతి వారు అడగలేదు, మేమూ చెప్పలేదు.