టేబుల్ ఫ్రేమ్ మీద క్విల్టింగ్ డిజైన్లు: కొనుక్కోవచ్చా, డబ్బు దండగా?

డాలస్_దారం

గుడ్డ ముక్కలు అతికించి క్విల్ట్ (బొంత) టాపు తయారు చేయడం వరకు నాకు ఏ బాధా లేదు. మూడు టాపులు కుట్టి అల్మరాలో పడేశాను. అసలు తంటా ఆ తర్వాతే. పైన టాపు, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి పొర, కింద బ్యాకింగ్ అనే అడుగు గుడ్డ, మూడింటినీ కలిపి కుట్టాలి కదా, అక్కడ ఆగిపోతున్నాను. వాటిలో పెద్దది 60 అంగుళాలకి 80. మా దగ్గర లాంగ్ ఆర్మ్ (పెద్ద క్విల్టింగ్) మిషన్ ఉన్న ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే డిజైన్ వేసి ఇవ్వడానికి చదరపు అంగుళానికి రెండున్నర సెంట్లు అడిగింది. 4,800 చదరపు అంగుళాలకి 120 డాలర్లు. బ్యాటింగ్, బ్యాకింగ్ మనమే ఇచ్చుకోవాలి.

ఇప్పుడు టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఫ్రేములు వస్తున్నాయి. ఇంట్లో ఉన్న కుట్టు మిషన్‌నే చక్రాల బండి మీద ఎక్కించి, గుడ్డను కదపకుండా మిషన్‌ను కదుపుతూ కుట్టడం. వీడియోల్లో ఈకలు, సుడులు, ఆకులు చకచకా పడిపోతున్నాయి. ఆ ఫ్రేమ్ ధరకి ఇలాంటి క్విల్టులు ఆరేడు బయట చేయించుకోవచ్చు. మా ఆయన "ట్రెడ్‌మిల్ మీద ఎలాగూ బట్టలు ఆరేస్తున్నాం, దీని మీద ఏం ఆరేస్తావో చెప్పు, కొందాం" అంటున్నారు. వాడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. నా మిషన్ త్రోట్, అంటే సూది నుంచి మిషన్ ఒంటి దాకా ఉన్న ఖాళీ, ఎనిమిదిన్నర అంగుళాలు.

కాకినాడ_కుట్టు

దండగే. మొహమాటం లేకుండా చెప్తున్నా.

ఫ్రేమ్ మీద మిషన్ ఎంత దూరం పోగలదో డిజైన్ అంతే. కుట్టేసిన క్విల్ట్ అంతా మీ ఎనిమిదిన్నర అంగుళాల ఖాళీలోనే పోగవుతుంది. మిగిలిన జాగాలోనే ఈకలైనా పూలైనా. వీడియోలో చూసిన పెద్ద ఈకలు లాంగ్ ఆర్మ్ మీద వేసినవి అయి ఉంటాయి. దాని త్రోట్ 18 అంగుళాలు, ఆ పైన ఉంటుంది.

ఫ్రేమ్ లేకుండా ఎలా చేస్తామో చూడండి. మిషన్ పళ్ళు కిందికి దించేసి, గుడ్డ ఎటైనా కదలనిచ్చే డార్నింగ్ ఫుట్ బిగించి, పట్టు దొరికే గ్లవ్స్ వేసుకుని గుడ్డనే తిప్పుతాం. గుడ్డ నా చేతిలో ఉంది కాబట్టి పది అంగుళాల పువ్వైనా వేస్తాను. సగం వేసి ఆగి, సర్దుకుని, మిగతా సగం వేస్తాను. ఫ్రేమ్ మీద అదే పువ్వుని పట్టీలు పట్టీలుగా కోసుకోవాలి. అంత డబ్బు పెట్టేటట్టయితే మంచి టేబుల్ చేయించుకోండి. మిషన్ లోపలికి దిగి, దాని పీఠం టేబుల్‌తో సమానంగా రావాలి. క్విల్ట్ కిందికి వేలాడకపోతే సగం బాధ అక్కడే తీరిపోతుంది.

ఫోర్ట్‌వర్త్_సూది

కాకినాడక్కా, మీరు చెప్పింది పాప బొంతకి కరెక్టే. 60కి 80 క్విల్ట్‌ని ఆ చిన్న ఖాళీలోంచి దూర్చి తిప్పితే భుజాలు పడిపోతాయి. పైగా నేల మీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ మూడు పొరలకీ పిన్నులు గుచ్చాలి. నా మెడకి ఆ పని పడదు. అందుకే రాడ్డుకి చుట్టకుండా గుడ్డని క్లిప్పులతో పట్టి ఉంచే రకం చిన్న ఫ్రేమ్ కొన్నాను, వాడుతున్నాను, దాని మీద ఏమీ ఆరేయలేదు.

డాలస్ అక్కా, మీకు ఎవరూ చెప్పనివి కొన్ని చెప్తాను. ఫ్రేమ్ బిగించాక బండిని మధ్యలో పెట్టి చెయ్యి వదిలేయండి. దానంతటదే ఏ పక్కకైనా జారితే ఆ పక్క కాలు కింద అట్టముక్క పెట్టాలి. లేకపోతే మీరు వేసే ప్రతి సుడీ ఆ వైపే సాగి పడుతుంది. టేబుల్ ఊగకూడదు, మిషన్ బరువు తక్కువేం కాదు. తర్వాత స్టిచ్ రెగ్యులేటర్. బండి ఎంత వేగంగా కదులుతోందో సెన్సర్ చూసి సూది వేగాన్ని మారుస్తుంది. అంగుళానికి పది కుట్లు అని పెడితే మీరు తొందరపడ్డా, తడబడ్డా పదే పడతాయి. అది లేకుండా కొంటే మాత్రం కాకినాడక్క మాటే నిజమవుతుంది. తిన్నటి గీతలో కుట్లు కప్పగంతులు వేస్తాయి, వంపు దగ్గర కుక్కుకుపోతాయి.

ఇంకోటి. వంపులో చెయ్యి జోరుగా తిప్పారంటే వెనకవైపు పై దారం వరసగా చిన్న చిన్న వెంట్రుకల్లా బయటికి వస్తుంది. పైనుంచి చూస్తే క్విల్ట్ బ్రహ్మాండంగా ఉంటుంది, తిరగేస్తే ఏడుపొస్తుంది. సూది 90 నంబరు తీసి 100 వేయండి, అంత తేలిగ్గా వంగదు. పై దారం టెన్షన్ కాస్త బిగించండి. వంపుల్లో నెమ్మది.

మగ్గం_మీద_మనసు

మాది హైదరాబాద్, బ్లౌజులకి మగ్గం వర్క్ చేయిస్తాం. క్విల్టింగ్ కొత్తగా మొదలుపెట్టాను. మగ్గం మీద గుడ్డ ఎంత బిగిస్తే పని అంత నీటుగా వస్తుంది. అదే అలవాటుతో ఫ్రేమ్ కూడా బిగించాలేమో అనుకున్నాను. బిగించకూడదని ఎక్కడో విన్నాను, ఎందుకని?

ఫోర్ట్‌వర్త్_సూది

మగ్గంలో ఉన్నది ఒక్క పొర. ఇక్కడ మూడు పొరలు, మధ్యలో మెత్తటి బ్యాటింగ్. మరీ బిగిస్తే మిషన్ కదిలేటప్పుడు సూది వంగుతుంది, కుట్టు దాటిపోతుంది, దారం తెగుతుంది. కింద నుంచి వేలు పెట్టి పొడిస్తే పైనుంచి ఆ వేలు కొనని పట్టుకోగలిగేంత వదులు ఉండాలి. క్లిప్పుల రకంలో జరిపిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి. వెనక బ్యాకింగ్ మడత పడిందేమో కూడా చేత్తో తడిమి చూడాలి, ఎందుకంటే అది కంటికి కనపడదు.

బాబిన్_బాబాయ్

రిటైర్డ్ మెకానికల్ ఇంజనీర్‌ని. కుట్టేది మా ఆవిడ, లెక్కలు నావి.

కాకినాడ అమ్మాయి "మిగిలిన జాగా" అంది, ఎంతో చెప్పలేదు. క్విల్ట్ మందం అంగుళంలో ఎనిమిదో వంతు అనుకుందాం. కుట్టిన క్విల్ట్‌ని రాడ్డుకి చుట్టే రకం ఫ్రేమ్‌లో, అంగుళం రాడ్డుకి 80 అంగుళాల పొడవు చుడితే చుట్ట మందం మూడున్నర దాటి 3.7 దాకా వస్తుంది. ఫుట్‌కీ అటూ ఇటూ తగలకుండా ఉండటానికీ ముప్పావు అంగుళం తీసేయండి. మీ ఎనిమిదిన్నరలో మొదటి వరస కుట్టేటప్పుడు ఆరున్నర పైన ఉంటుంది, చివరి వరసకి నాలుగే. డిజైన్ ఎత్తు చివరి వరసకి సరిపోయేలా ఎంచుకోవాలి, మొదటి వరసకి కాదు. చాలామంది మొదట్లో ఆరు అంగుళాల డిజైన్ పెట్టుకుని మూడు వంతులు అయ్యాక మిషన్ చుట్టకి తగులుతోందని గోల పెడతారు.

దీనికి ఉపాయం ఉంది. మధ్య నుంచి మొదలుపెట్టి ఒక సగం కుట్టి, క్విల్ట్‌ని తిప్పి రెండో సగం కుట్టండి. అప్పుడు ఖాళీలో చేరేది 40 అంగుళాలే. చుట్ట 2.7 అవుతుంది, మీకు కచ్చితంగా అయిదు అంగుళాలు మిగులుతాయి. కాకపోతే రెండో సగంలో డిజైన్ తలకిందులుగా పడుతుంది. క్లిప్పుల రకంలో చుట్ట ఉండదు కానీ గుడ్డ కుప్పగా చేరుతుంది, అదీ జాగా తినేదే.

కాకినాడ_కుట్టు

బాబాయ్ గారూ, మీ లెక్క నా మాటకే సాక్ష్యం చెప్తోంది! నాలుగైదు అంగుళాల పట్టీలో ఏం డిజైన్ వేస్తారండీ? చివరికి అందరూ ఆ ప్లాస్టిక్ గాడి పలకలు కొంటారు. పలక మీద గాడి ఉంటుంది, అందులో పిన్ను పెట్టి తిప్పితే మిషన్ అదే ఆకారం కుడుతుంది. లేకపోతే మోటారు తగిలించి కంప్యూటర్‌తో కుట్టిస్తారు. అది మీరు వేసిన డిజైన్ అవుతుందా? గాడి వేసినవాడిది అవుతుంది.

పాతచీరలు

అమ్మాయ్, ఈ మాట కొత్తది కాదు. అమెరికాలో పడూకా అనే ఊళ్ళో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ షో జరుగుతుంది. 1989లో అక్కడ బెస్ట్ ఆఫ్ షో బహుమతి కారిల్ బ్రయర్ ఫాలర్ట్ చేసిన "కరోనా 2: సోలార్ ఎక్లిప్స్"కి వచ్చింది. మిషన్ మీద క్విల్టింగ్ చేసినదానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. చేత్తో కుట్టేవాళ్ళు చాలామంది మండిపడ్డారు. ఇప్పుడు ఆ క్విల్ట్ అదే ఊరి మ్యూజియంలో ఉంది. ఆవిడ గుడ్డని మామూలు మిషన్ కింద తిప్పి కుట్టిందే, అంటే నీ పద్ధతే. ఆరోజు నీ పద్ధతిని మోసమన్నారు, ఈరోజు నువ్వు గాడి పలకని అంటున్నావు.

మా అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టేది. అంచు నుంచి లోపలికి వరసలు, చేతి కుట్టు. నేను మిషన్ మీద కుడతాను. నడుం నొప్పి ఉన్న నాకు బొంత అయిపోవడం ముఖ్యం.

కాకినాడ_కుట్టు

పెద్దమ్మా, మిషన్‌తో కుట్టడాన్ని నేను తప్పనడం లేదు. ఫాలర్ట్ గారు గీత గీసింది, గీత వెంట తనే పోయింది. గాడిలో పిన్ను తోసినామె ఏం చేసినట్టు? ఇంట్లో కప్పుకోవడానికైతే ఎవరేం చేసినా ఫర్వాలేదు. పోటీకి పెట్టినప్పుడు కంప్యూటర్‌తో కుట్టిందని రాసి పెట్టాలి. కొన్ని షోల్లో దానికి వేరే విభాగమే ఉంది, అది న్యాయం.

సంక్రాంతి_చుక్క

నాలుగైదు అంగుళాల్లో ఏం డిజైన్ వేస్తారని అడిగారు. మెలికల ముగ్గు వేస్తారు!

నవ్వకండి. చుక్కల చుట్టూ తిరిగే ముగ్గులో గీత ఎక్కడా తెగదు, క్విల్టింగ్‌కి కావలసింది అదే. మొదలు ఒకటి, చివర ఒకటి. అన్ని ముగ్గులూ ఒక్క గీతతో రావు, చూసుకోవాలి. నిలువు, అడ్డం వరసలు వేసి చుక్కలన్నిటి మధ్యా ఏటవాలుగా మెలికలు తిప్పుతూ పోతే, రెండు సంఖ్యలనీ భాగించే పెద్ద అంకె ఎంతో అన్ని విడి గీతలు వస్తాయి. 4కి 4 పెడితే నాలుగు వేరు వేరు గీతలు. 4కి 6 అయితే రెండు. 3కి 4 పెట్టండి, ఒకే ఒక్క గీత. నమ్మకపోతే కాగితం మీద పెన్సిల్ ఎత్తకుండా వేసి చూడండి.

ఇప్పుడు బాబాయ్ గారి అయిదు అంగుళాలకి రండి. చుక్కకీ చుక్కకీ ఒకటిన్నర అంగుళం, మూడు వరసల చుక్కలు. ఎత్తు నాలుగున్నర, సరిపోయింది. 60 అంగుళాల వెడల్పుకి 40 చుక్కలు వస్తాయి. 3కీ 40కీ పొత్తు లేదు కాబట్టి ఆ చివర నుంచి ఈ చివరి దాకా పట్టీ అంతా ఒకే దారం. పైగా మెలికల ముగ్గు తలకిందులు చేసినా అదే ముగ్గు. బాబాయ్ గారి "తలకిందుల" చిక్కు కూడా పోయింది. గాడి పలక అక్కర్లేదు. కడిగితే పోయే పెన్నుతో చుక్కలు పెట్టుకుంటే చాలు. కాకినాడ వదినకి ఇక అభ్యంతరం ఉండకూడదు.

కాకినాడ_కుట్టు

ఉంది. ముగ్గు ఐడియా బంగారం, ఒప్పుకుంటాను. ఫ్రేమ్ మాత్రం ఇత్తడే. ఆ గీత 60 అంగుళాలు అటు పోయి, తిరిగి వచ్చి, మళ్ళీ పోవాలి. పొడవాటి రాడ్లున్న పెద్ద ఫ్రేమ్ అయితే సరే. డాలస్ అక్క కొంటానంటున్నది టేబుల్ ఫ్రేమ్. క్లిప్పులు తీసి పక్కకి జరిపేటప్పుడు సగంలో ఉన్న గీత ఏమవుతుంది? ఎక్కడికక్కడ దారం కట్ చేసి, ముడి లోపలికి దాచుకుంటూ కూర్చోవాలి. నా పద్ధతిలో అయితే గుడ్డ తిప్పుకుంటూ పోవడమే.

బాబిన్_బాబాయ్

ఒక్కసారికి ఇరవై అంగుళాలకి పైన అందే ఫ్రేమ్ అయితే 40 చుక్కల్ని 13, 13, 14గా విడగొట్టండి. మూడూ 3తో భాగించబడవు. ఏ ముక్కకి ఆ ముక్క ఒకే గీతగా మొదలై అక్కడికే చేరి ముగుస్తుంది. పట్టీకి మూడే మొదళ్ళు. అయితే ముక్కకీ ముక్కకీ మధ్య మెలిక కలవదు, మూడు ముగ్గులు పక్కపక్కన పెట్టినట్టు కనిపిస్తుంది. పొడవులో 17 పట్టీలు పడతాయి, పైనా కిందా కాస్త జాగా మిగులుతుంది, అది బార్డర్.

సంక్రాంతి_చుక్క

మూడు ముగ్గులు పక్కపక్కన పెడితే తప్పేంటి బాబాయ్ గారూ, వాకిట్లో పెట్టమా!

డాలస్_దారం

నేను ఫ్రేమ్ కొనాలా వద్దా అని అడిగితే మీరు నాకు లెక్కల క్లాసు పెట్టారు. చుక్కల మధ్య అంత దూరం వదిలితే బ్యాటింగ్ లోపల పోగుపడదా? గీతకీ గీతకీ ఎంత వస్తుంది?

ఫోర్ట్‌వర్త్_సూది

అంగుళం పైన వస్తుంది. అది దగ్గరే, బెంగ లేదు. ఎంత దూరం వదలొచ్చో బ్యాటింగ్ కవరు మీదే రాసి ఉంటుంది. కొన్నిటికి నాలుగు అంగుళాలు, కొన్నిటికి పది కూడా. ముగ్గుని అంగుళం చుక్కలతో వేస్తేనే క్విల్ట్ అట్టలా బిగుసుకుపోతుంది.

కొనకముందు మా ఇంటికి రండి, ఒక గంట ప్రయాణం. నా ఫ్రేమ్ మీద మూడు వరసల 14 చుక్కల ముక్క ఒకటి కుట్టి చూడండి. పాత దుప్పటి, మీరు వాడే బ్యాటింగే తెచ్చుకోండి. నాలుగు వైపులా క్లిప్పులకి నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉంచండి. మీ మిషన్ కూడా తెండి. అది బండి మీద సరిగ్గా కూర్చుంటుందో లేదో మొదట తేలాల్సింది అదే.

కాకినాడ_కుట్టు

వెళ్ళినప్పుడు అదే ముక్క ఫ్రేమ్ లేకుండా కూడా కుట్టి, రెండిటి వెనకవైపు ఫొటోలు పెట్టండి. ముందువైపు నాకు అక్కర్లేదు.