సోమాలీ యువతి దుబాసీ ముందు నోరు విప్పడం లేదు

ఇంగ్లండ్‌లో ఆశ్రయం కోరి వచ్చినవారికి వారానికి రెండు రోజులు ఇంగ్లిష్ నేర్పుతుంటాను. నా తరగతిలోని ఒక సోమాలీ యువతి గురించి, ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. హోమ్ ఆఫీస్ (ఆశ్రయం దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ) ఇంటర్వ్యూ జరిగి 7 నెలలైంది, నిర్ణయం రాలేదు. పని చేసుకుందామంటే దరఖాస్తుకు 12 నెలలు నిండేదాకా అనుమతి అడిగే వీలే లేదు.

ఆరు వారాలుగా రాత్రి రెండింటికి మెలకువ, ఇక నిద్ర ఉండదు. నడినెత్తిన మంట, గుండె దడ. తరగతి తలుపు చప్పుడైతే చాలు, పెన్ను వదిలేసి గోడవైపు జరుగుతుంది.

డాక్టరు రక్తపరీక్షలు చేయించారు, అన్నీ మామూలే. తర్వాత ఫోనులో సోమాలీ దుబాసీని పెట్టారు. అతను మొదటే తెగ ఏమిటని ఆరా తీశాడట (సోమాలియాలో తెగల మధ్య గొడవలున్నాయి కదా), ఈమె "అంతా బాగానే ఉంది" అని ముగించేసింది. రెండోసారి పట్టుబట్టి ఆడ దుబాసీని పెట్టించాను. ఆవిడ డిప్రెషన్‌ను ఏమని అనువదించిందో గానీ ఈమె చెవిన పడింది ‘వాలి’ (మన రామాయణం వాలి కాదు, సోమాలీలో పిచ్చి అని). వెంటనే లేచి వచ్చేసింది. మసీదులో ఖురాన్ చదివించుకున్న రాత్రి కాస్త నిద్ర పడుతుందట, అది మానమని నేనెందుకు చెబుతాను? తన బాధకు ఆమె వాడే మాట ‘బూఫిస్’ (మనసు కుంగి ఆందోళనగా ఉండటానికి సోమాలీలు వాడే మాట). చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను, లేదంది.

మూడో అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. సోమాలీలతో పనిచేసిన నర్సులు, డాక్టర్లు ఉంటే చెప్పండి: తెగ ప్రస్తావన, ‘వాలి’ మాట రాకుండా దుబాసీకి ముందుగా ఏమని చెప్పించాలి?