పాత పెంటియం 3లో 80 జీబీ డిస్క్ పెడితే స్టార్టింగ్‌లోనే ఆగిపోతోంది

బెజవాడ_డీటీపీ:
అందరికీ నమస్కారం. మా షాపులో 1999లో కొన్న పెంటియం 3 ఇంకా నడుస్తోంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇరవై ఏళ్ల పెళ్లి కార్డుల ఫైళ్లు అన్నీ అందులోనే, విండోస్ 98 మీద. లోపలి 10 జీబీ డిస్క్ ఈమధ్య టక్ టక్ మంటోంది. అది పోయేలోగా మారుద్దామని, మూలన పడున్న ఇంకో సిస్టమ్‌లోంచి 80 జీబీ ఐడీఈ (పాత వెడల్పు కేబుల్) డిస్క్ తీసి తగిలించాను. ఆన్ చేస్తే మెమరీ లెక్కపెట్టి, 'ప్రైమరీ మాస్టర్' (మొదటి డిస్క్) లైను దగ్గర బిగుసుకుపోతోంది. డిలీట్ నొక్కినా సెటప్ (బోర్డు సెట్టింగుల పేజీ) రావట్లేదు. డిస్క్ పీకేస్తే మామూలే. పోయింది డిస్కా, బోర్డా? పెళ్లిళ్ల సీజను, టెన్షన్‌గా ఉంది.

పాతసామాను:
రెండూ పోలేదు. మీకు తగిలింది 32 జీబీ గోడ. 1999 మధ్యకు ముందు తయారైన చాలా బయోస్‌లలో (ఆన్ చేయగానే డిస్క్‌ని గుర్తుపట్టే, బోర్డులోని ప్రోగ్రామ్) సిలిండర్ల, అంటే డిస్క్ మీది వలయాల లెక్క 65 వేల చిల్లర దగ్గర ఆగిపోతుంది. ఒక్కో సిలిండర్‌కి 16 హెడ్లు, ఒక్కో హెడ్‌కి 63 సెక్టార్లు (ముక్కలు), సెక్టారుకి 512 బైట్లు వేసుకుంటే 33.8 జీబీ, కంప్యూటర్ వాడే 1024 లెక్కలో సుమారు 32. అంతకన్నా పెద్ద డిస్క్ ఎదురైతే లెక్క తప్పి, మీరు చూసినట్టే గుడ్లప్పగించి కూర్చుంటాయి.

డిస్క్ వెనక పవర్ వైరు పక్కన పిన్నులుంటాయి కదా, లేబుల్ మీద వాటి బొమ్మ చూడండి. మాస్టర్, స్లేవ్ కాకుండా 32 జీబీకి కుదించే జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న టోపీ) అమరిక చాలా డిస్కుల్లో ఉంటుంది. మిగతా జాగా వదులుకోవాలి. ఇన్నేళ్లు 10తో నెట్టుకొచ్చారు, 32 చాలదా!

సికింద్రాబాద్_రిపేరు:
చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చాన్నాళ్లు కూర్చున్నవాణ్ణి. బయోస్ అప్‌డేట్ దొరికితే అదీ ఒక దారే గానీ, ఫ్లాపీతో ఫ్లాష్ చేస్తుండగా, అంటే కొత్త బయోస్ రాస్తుండగా కరెంటు పోయిందంటే ఆ బోర్డు తూకానికే. యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు.

మేమైతే బోర్డు స్లాట్‌లో పెట్టే పీసీఐ ఐడీఈ కార్డు వేసి, డిస్క్ దానికి తగిలించేవాళ్లం. దాని మీద సొంత బయోస్ ఉంటుంది కాబట్టి డిస్క్ సంగతి అదే చూసుకుంటుంది. బోర్డు సెటప్‌లో ప్రైమరీ మాస్టర్ 'నన్' (ఏదీ లేదు) పెట్టి, బూట్ ఆర్డర్‌లో 'స్కజీ' (ఇంకో రకం డిస్క్ కనెక్షన్) ముందు పెట్టాలి. ఐడీఈ డిస్క్‌కి స్కజీ ఏంటని కస్టమర్లు వాదించేవాళ్లు. కార్డు మీద ఉన్నది బోర్డుకి అలాగే కనిపిస్తుందని చెప్పి చెప్పి విసిగిపోయాను.

లినక్స్_బాబాయి:
లినక్స్ కెర్నెల్ (దాని మూల ప్రోగ్రామ్) డిస్క్ సైజు సంగతి బయోస్‌ని అడగదు, నేరుగా డిస్క్‌నే అడుగుతుంది. పెంటియం ఎంఎంఎక్స్‌లో 4 జీబీ డిస్క్ నుంచి బూట్ చేసి, 120 జీబీ డిస్క్‌ని సెటప్‌లో 'నన్' పెట్టి వాడాను. పూర్తి సైజు వచ్చింది. మీది విండోస్ 98 కాబట్టి ఇది కుదరదు.

ముందు ఆ టక్ టక్ డిస్క్‌ని ఇంకో సిస్టమ్‌కి తగిలించి, లినక్స్ లైవ్ సీడీ నుంచి బూట్ చేసి, పాడవుతున్న డిస్క్‌ని కాపీ చేసే డీడీరెస్క్యూతో కాపీ తీయండి. జంపర్ల గొడవ తర్వాత.

ఖమ్మం_ఫొటో:
సిస్టమ్ ఆగిపోయిందంటే మీరు అదృష్టవంతులే. నాకు ఆగలేదు. 160 జీబీ డిస్క్‌ని కొత్త సిస్టమ్‌లో ఒకే పార్టిషన్‌గా ఫార్మాట్ చేసి, సర్వీస్ ప్యాక్ (అప్‌డేట్ల మూట) ఏదీ లేని విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లో పెట్టాను. సైజు పూర్తిగా చూపించింది. నెలల తరబడి పెళ్లి ఫొటోలు వేసుకుంటూ పోయాను. ఒకరోజు పొద్దున ఫోల్డర్ల పేర్లన్నీ పిచ్చి గుర్తులు.

తర్వాత తెలిసింది. పాత పద్ధతిలో సెక్టార్ నంబరుకి 28 బిట్లే, అంటే 137 జీబీ దాకానే. అది దాటాక రాయాల్సింది చుట్టూ తిరిగొచ్చి డిస్క్ మొదట్లో పడింది. ఫైళ్ల పట్టిక ఉండేది అక్కడే. మూడు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు పోయాయి. ఒక ఇంటివాళ్లకి డబ్బులు వెనక్కిచ్చాను. రెండో ఇంటి వైపు ఇప్పటికీ వెళ్లను.

పాతసామాను:
ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ 1తో, ఆ 28కి బదులు 48 బిట్ల సెక్టార్ నంబర్లకి సపోర్ట్ వచ్చింది. 98కి మామూలు డ్రైవర్‌తో 137 దాటకూడదు. ఇంకో తిరకాసు, 98తో వచ్చిన పాత ఎఫ్‌డిస్క్ (డిస్క్‌ని భాగాలు చేసే ప్రోగ్రామ్) 64 జీబీ దాటితే ఆ 64ని మింగేసి మిగతాదే చూపిస్తుంది. 80 జీబీ డిస్క్ 1024 లెక్కలో సుమారు 74 కాబట్టి 10 జీబీలా కనిపిస్తుంది. జంపర్ పెడితే ఆ బాధా లేదు.

కొత్తగా_వచ్చా:
నా ఎక్స్‌పీ సిస్టమ్‌లో 3 టీబీ డిస్క్ 746 జీబీ అని వస్తోంది. ఇదీ అలాంటిదేనా?

లినక్స్_బాబాయి:
తమ్ముడూ, అది 2.2 టీబీ గోడ, 32 బిట్ల లెక్క. పైన మిగిలింది మాత్రమే, అదీ 1024 లెక్కలో, కనిపిస్తోంది. 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ (పెద్ద డిస్కులకి వాడే కొత్త రకం పార్టిషన్ పట్టిక) తెలియదు. దాని మీద ఏమీ రాయకుండా కొత్త సిస్టమ్‌కి మార్చెయ్.

బెజవాడ_డీటీపీ:
పనైంది! ఎదురింటి కుర్రాడి సిస్టమ్‌లో 10 జీబీ డిస్క్‌ని 80 మీదకి కాపీ తీశాం. ఎక్కడో రెండు సెక్టార్లు తప్ప అన్నీ వచ్చాయి. జంపర్ కోసం ఊరంతా వెతకబోయి, చివరికి పాడైన సీడీ డ్రైవ్ వెనక నుంచి ముక్కుపుడక శ్రావణంతో పీకాను. ఎఫ్‌డిస్క్‌లో 32 వేల ఎంబీ పైచిలుకు చూపించింది. మిగిలిన జాగాని డి డ్రైవ్ చేశాను. పేజ్‌మేకర్ తెరుచుకుంది, నిన్న ఆగిన శుభలేఖ ప్రింటుకి కూడా వెళ్లింది.

ఒక్కటే, కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ 1999కి పోతోంది. ఇదీ డిస్క్ వల్లేనా?

సికింద్రాబాద్_రిపేరు:
కాదు సార్, బోర్డు మీద బిళ్ల బ్యాటరీ. సీఆర్2032 అని అడగండి, వాచీల షాపులో ఇస్తారు. మార్చాక సెటప్‌లోకెళ్లి డిస్క్ 'ఆటో'లోనే ఉందో లేదో ఒకసారి చూడండి.