పెద్దవాళ్లు, పాపతో విండ్సర్ కోటకు ఒక్కరోజు ట్రిప్, సలహా కావాలి

ప్రశ్న: మేం లండన్‌లో, ఈస్ట్ హామ్‌లో ఉంటాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. నాకు బుధవారం గానీ ఆదివారం గానీ కుదురుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రెండేళ్ల పాపకు స్ట్రోలర్ ఉండాల్సిందే. వాటర్లూ నుంచి డైరెక్ట్ ట్రైన్ ఉందట, అదే మంచిదా? కోటలో పులిహోర తిననిస్తారా?

జవాబు: బుధవారం అసలు వద్దండి, మంగళ, బుధవారాల్లో కోట మూసేస్తారు. ఆదివారం కోట తీస్తారు గానీ లోపలి చర్చి సెయింట్ జార్జ్ చాపెల్‌లోకి ప్రార్థనకు వచ్చేవాళ్లనే పంపుతారు, ఎలిజబెత్ రాణి సమాధి ఉన్నది అందులోనే, మా అత్తయ్యగారు దిగీదిగగానే అడిగింది అదే. శనివారం చూసుకోండి, 11 గంటలకు గార్డులు మారడం కూడా మామూలుగా ఆ రోజు ఉంటుంది, ముందురోజు ఒకసారి వెబ్‌సైట్ చూడండి.

వాటర్లూ ట్రైన్ దించేది కింద, నది పక్కన రివర్‌సైడ్ స్టేషన్లో. అక్కణ్ణుంచి కోటకు అంతా ఎత్తే, అమ్మగారికి కష్టం. వైట్‌చాపెల్‌లో ఎలిజబెత్ లైన్ ట్రైన్ ఎక్కి స్లౌ స్టేషన్లో మారితే 6 నిమిషాల్లో విండ్సర్ సెంట్రల్ స్టేషన్, బయటికొస్తే రోడ్డుకు అవతల కోటే. భోజనానికి ఎలాగూ నది దగ్గరికి దిగుతారు కాబట్టి తిరిగొచ్చేటప్పుడు రివర్‌సైడ్ నుంచి వాటర్లూ రండి.

పులిహోర లోపల తిననివ్వరు, మంచినీళ్లు తాగొచ్చు. బ్యాగులు ఎయిర్‌పోర్టులోలా చెక్ చేస్తారు. స్టేట్ అపార్ట్‌మెంట్స్ (కోటలోని రాజమందిరం గదులు) ముందు స్ట్రోలర్ వదిలేయాలి. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు.

ఇంకొకరు: నాన్నగారికి కోటలో గ్రాండ్ వెస్టిబ్యూల్ అనే హాలు తప్పక చూపించండి. టిప్పు సుల్తాన్ సింహాసనం కింద ఉండే బంగారు పులి తల అక్కడే అద్దాల బీరువాలో ఉంది, నోరు తెరిచి, స్ఫటికం పళ్లతో. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఎత్తుకొచ్చిన సొత్తు. మా నాన్న దాని ముందు నుంచి కదిలితే ఒట్టు!

భోజనానికి నది ఒడ్డున అలెగ్జాండ్రా గార్డెన్స్‌లో కూర్చోండి, కానీ హంసలతో జాగ్రత్త, డబ్బా తెరిస్తే చాలు మీద మీదకి వస్తాయి, పాపను కాస్త దూరంగా ఉంచండి. ఓపికుంటే వంతెన మీదుగా అవతలి ఒడ్డున ఉన్న ఈటన్ ఊరి వైపు నడవండి, ఆ వంతెన మీద 1970 నుంచి కార్లు లేవు. లేదంటే ఒడ్డునే పడవ ఎక్కండి, అమ్మగారికి అదే హాయి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి, శనివారానికి షిఫ్ట్ మార్పించుకుంటా. లెగోలాండ్ పార్కు కూడా అక్కడే కదా, అదే రోజు కలిపేయొచ్చా?

జవాబు: వద్దే వద్దు. దానికి విడిగా ఒక రోజు కావాలి, పైగా రెండేళ్ల పిల్లకు అందులో చాలా రైడ్లు ఎక్కే ఎత్తు కూడా ఉండదు.