సయాన్‌ని టయోటా ఎత్తేయడం న్యాయమేనా?

డబ్బాబండి06: నిన్న, అంటే 2016 ఫిబ్రవరి 3న, టయోటా చెప్పేసింది. అమెరికాలో కుర్రాళ్ల కోసం పెట్టిన వాళ్ల కార్ల బ్రాండు సయాన్ ఇక ఉండదు. ఆగస్టు నుంచి ఎఫ్‌ఆర్-ఎస్, ఐఏ, ఐఎం మోడళ్లు టయోటా లోగోతో వస్తాయట. టీసీ మోడల్‌కి ఆ యోగం కూడా లేదు. నాది 2006 ఎక్స్‌బీ, డబ్బాలా ఉండే బండి, మాన్యువల్. స్పీడోమీటర్ డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంటుంది కాబట్టి ఎక్కినవాళ్లంతా "మాక్కూడా కనిపిస్తోంది, కాస్త నెమ్మది" అనేవాళ్లు. కుర్రాళ్ల కోసం చేసిన ఆ డబ్బాని 2008 మోడల్‌లో వీళ్లే చెడగొట్టారు. 1.5 లీటర్ల ఇంజిన్ తీసి 2.4 పెట్టి, ఒడ్డూ పొడుగూ పెంచారు. సయాన్ పోయింది అప్పుడే. నిన్న పెట్టింది దినం భోజనం.

లెక్కసరిచూడు: 2006లో అమ్ముడైనవి 1,73,034. 2015లో 56,167. మూడో వంతుకి పడిపోతే ఎవరైనా మూసేస్తారు. ఏడుపులెందుకు?

డబ్బాబండి06: 2006 అంటే పాత డబ్బా ఉన్న రోజులే కదా. మీ లెక్క నా మాటే చెప్తోంది.

లెక్కసరిచూడు: 2008లో మార్కెట్టే కుప్పకూలింది, అది మర్చిపోయారు. పైగా మీ డబ్బాకి 103 హార్స్‌పవర్. హైవే ఎక్కాలంటే ఏసీ ఆపాలి. కొత్తదానికి 158.

డబ్బాబండి06: పదేళ్లలో నేను ఒక్కసారి కూడా ఏసీ ఆపలేదు.

లెక్కసరిచూడు: ఘాట్ రోడ్డులో?

డబ్బాబండి06: ఘాట్ రోడ్డులో కూడా.

గాలివాటం: ఏసీ సంగతి తేలాక నన్ను పిలవండి.

టీసీతమ్ముడు: అన్నలూ, నాది 2011 టీసీ. సర్వీసు ఎక్కడ? ముందు అది చెప్పండి.

నిదానం: ఇప్పుడెక్కడో అక్కడే తమ్ముడూ, టయోటా డీలర్ల దగ్గర. ప్రకటనలోనే ఉంది. కొన్నవాళ్లలో 70 శాతం టయోటాకి కొత్తవాళ్లేనని కూడా రాశారు. వాళ్ల పని అయిపోయినట్టే.

డబ్బాబండి06: వాళ్ల పని అయింది సరే. నాకు బేరమాడటం చేతకాదు, సిగ్గు. ఆ రోజు షోరూములో ధర రాసి పెట్టి ఉంది. నా ముందున్నాయనకీ అదే, యాసతో మాట్లాడే నాకూ అదే. ప్యూర్ ప్రైస్ అన్నారు, మాట మీద నిలబడ్డారు. లోగో మార్చాక అది ఎవరిస్తారు?

లెక్కసరిచూడు: ఆ ప్యూర్ ప్రైస్ మాట ఇంకోసారి ఎత్తకండి. ఆ ధర పెట్టేది కంపెనీ కాదు, డీలరు. పేరు అనవసరం, మా డీలరు కారు ధర పైసా మార్చలేదు, నిజమే. అడగని స్పాయిలరు, చక్రాలు ముందే బిగించేసి "ఇప్పుడు తీయలేం సర్" అన్నాడు. సంతకాల బల్ల దగ్గర గంటన్నర. పక్కనే మా నాన్న. బయటికొచ్చాక ఒకటే అడిగారు: "బేరాలుండవన్నావు కదరా?"

డబ్బాబండి06: ఆగండాగండి. మీరూ సయాన్ ఓనరేనా? ఇంతసేపూ అమ్మకాల లెక్కలు చెప్పారేంటి మరి!

లెక్కసరిచూడు: అవును, 2011 టీసీ. ఇప్పటికీ అదే నడుపుతున్నా. బండి బంగారం. "కుర్రాళ్లని మోసం చేయం" అన్నట్టు పిలిచి కూర్చోబెట్టారే, అది పోయిందని మీరు ఏడుస్తున్నారు. అసలు ఉందెక్కడ అని నేను.

డబ్బాబండి06: మీ డీలర్ని తిట్టండి, నేనూ తిడతా. కానీ నాకు దక్కిన మర్యాద కూడా అబద్ధమంటే ఒప్పుకోను.

లెక్కసరిచూడు: దక్కిన వాళ్లకి దక్కింది. నాకు దక్కలేదు. బోర్డు పీకేస్తే నాకేం బాధ?

గాలివాటం: ఏసీయే నయం.

టీసీతమ్ముడు: లెక్క అన్నా, ఆ స్పాయిలరు ఇంకా ఉందా? నాది విరిగింది.

లెక్కసరిచూడు: మర్నాడే పీకి గరాజులో పడేశా. మెసేజ్ పెట్టు, ధర చెప్తా. బేరాల్లేవు.