కార్డు ఉన్నా ఇడ్లీ బండి తీసేయమంటున్నారు, ఏం చేయాలి?

ఇడ్లీబండి అబ్బాయి:
అమ్మ పదేళ్లుగా బస్టాండ్ పక్కన బండి పెడుతోంది. వీధి వ్యాపారి కార్డుంది, వీధి వ్యాపారులకి కేంద్రం ఇప్పించే స్వనిధి లోన్ 10,000 తీసుకుని మొత్తం కట్టేసింది కూడా. నిన్న మున్సిపాలిటీ వాళ్లొచ్చి స్టవ్వు, రెండు గిన్నెలు వ్యాన్‌లో వేసుకుపోయారు, చట్నీ రోడ్డు మీద పారబోశారు. ఒక చేత్తో లోనిచ్చి ఇంకో చేత్తో బండి లాగేస్తే ఎలా అండీ?

పాత ప్లీడరు:
2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. పట్టుకెళ్లిన సామానుకి లిస్టు రాసివ్వాలి, అడిగారా? స్టవ్వు లాంటివైతే ఫీజు కట్టించుకుని 2 పనిదినాల్లో, పళ్లూ కూరగాయలైతే అదే రోజు ఇచ్చేయాలి.

సంత వీధి:
చట్టం బాగానే ఉందండీ, అమలు దగ్గరే తంటా. వీధి వ్యాపారుల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మీ ఊళ్లో ఆ కమిటీ సభ్యులెవరో ముందు కనుక్కోండి. మా దగ్గర వెండింగ్ జోన్ అని, అంటే బండ్లు పెట్టుకునే చోటని, ఊరి చివర షెడ్లు కట్టారు, బస్సు దిగినవాడు ఇడ్లీ కోసం అంత దూరం నడుస్తాడా చెప్పండి?

ఇడ్లీబండి అబ్బాయి:
లిస్టు ఇవ్వలేదండీ. రేపు కార్డు జిరాక్స్ పట్టుకుని అమ్మతో వెళ్తా.