గతకాలము మేలు... 'కంటెన్' ఆ, 'కన్నన్' ఆ?

గోదారిగట్టు: కోవిడ్ చావుల లెక్కల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 2015 నుంచి 2019 దాకా మరణాల తీరు చూసి, మహమ్మారి రాకుంటే 2020, 2021లో ఎంతమంది పోయేవారో అంచనా కడతారు. అసలు పోయినవాళ్లలోంచి అది తీసేస్తే తేలేదే ఎక్సెస్ డెత్స్. నేను 'అధిక మరణాలు' అన్నాను. ఆ పేరా దగ్గర నుంచి నన్నయ పద్యం బుర్రలో ఒకటే గోల: "గతకాలము మేలు వచ్చు కాలము..." చివర కంటెనా, కన్ననా?

పాతపుస్తకం: కంటెన్. ఆదిపర్వం. పాండురాజు పోయాక వ్యాసుడు సత్యవతితో అంటాడు. చావింటి మాటే కాబట్టి మీ వ్యాసానికి అతుకుతుంది.

కందమూలం: రెండూ గగమే (రెండు గురువులే) కదండీ, కందంలో ఏది పెట్టినా కూర్చుంటుంది. యతి గ, కా దగ్గరే తీరిపోయింది. ఛందస్సు తీర్పు చెప్పదు. మా నాన్నగారు 'కన్నన్' అనే చదివేవారు.

పాతపుస్తకం: నాన్నగారి నోటిని పాఠాంతరం కింద వెయ్యలేం కదా సార్.

లెక్కలటీచర్: పద్యం సరే, 'అధిక' మాత్రం వద్దు. అధిక ధరలంటే ఎక్కువ ధరలు, అంతే. మన దేశంలో 2020లో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు. రెండూ ఎక్కువే. మనకు కావలసింది, ఉండాల్సినదానికి పైన ఎంత అని. పైగా నమోదు మెరుగుపడినా అంకె పెరుగుతుంది, చావులు పెరగక్కర్లేదు. 'అదనపు మరణాలు' అనండి.

గోదారిగట్టు: అదనపు కట్నం, అదనపు కలెక్టరు... ఎవరో కావాలని చేర్చినట్టు లేదూ?

పంచాంగం: నా ఓటు 'అధిక'కే. అధికమాసమంటే ఎక్కువ మాసమా? పన్నెండుకు పైన పడింది. తగ్గితే క్షయమాసం.

లెక్కలటీచర్: అబ్బ, ఇది బాగుంది! న్యూజిలాండ్‌లో 2020లో అనుకున్నదానికంటే తక్కువమందే పోయారు. 'మిగులు మరణాలు' అనేవాళ్లు దాన్ని 'లోటు మరణాలు' అనాలి, చావులు చాలనట్టు.

తిక్కనదాసు: మిగులు అంటే నాకు బతికి మిగిలినవాళ్లే గుర్తొస్తారు. ఆ ఏడుపు చదవాలంటే స్త్రీపర్వం. గాంధారి యుద్ధభూమిలో ఒక్కొక్క శవాన్నీ చూస్తూ...

పాతపుస్తకం: మొదలెట్టారూ! నన్నయ పద్యం కింద తిక్కన.

తిక్కనదాసు: నన్నయ వదిలేసినచోటే కదండీ మావాడు అందుకున్నది.

పాతపుస్తకం: కాదు. మధ్యలో అరణ్యపర్వ శేషం ఉంది. ఎర్రన ఊరుకోడు.

కందమూలం: అసలు పేచీ 'మేలు'లో ఉంది. గడిచింది మంచిదనా, రాబోయేది అంతకన్నా చెడ్డదనా?

లెక్కలటీచర్: బేస్‌లైన్, అంటే మహమ్మారి రాకుంటే ఎంతమంది పోయేవారో చెప్పే అంచనా గీత, దాని తిప్పలూ అవే. జర్మనీలో 2019లో మరణాలు కాస్త తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన గీత ఆ తగ్గుదల పట్టుకుని ఇంకా కిందికి వంగింది. గీత కిందికి పోతే పైన తేలే అంకె పెరగదూ? తర్వాత సవరించుకున్నారు. మన దేశానికి ఆ రెండేళ్లకూ 47 లక్షలన్నారు. 2021 చివరికి అధికారిక కోవిడ్ లెక్క 4.8 లక్షలే. కేంద్రం అసలు ఆ పద్ధతినే ఒప్పుకోలేదు. ఇంతకీ మీ గీత ఎటు వంగిందండీ, కందమూలం గారూ?

కందమూలం: మీరు కూడా 'కన్నా'నే వాడితే చెబుతాను.

గోదారిగట్టు: ఎడిటర్ గారు 'అదనపు' చేసేశారు. పద్యం మొత్తం కొట్టేశారు. అయినా తెలుసుకోవాలనుంది, కంటెనా, కన్ననా?

పాతపుస్తకం: కంటెన్.

కందమూలం: ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను. నాన్నగారు 'కంటే' అనేవారట, చివర నకారం కూడా లేకుండా.